ఫైలు పేరు స్టేషన్ కోడ్ లాంటిది: సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ ఫైళ్లను సర్దుకునే పద్ధతి

కొన్నేళ్ల కిందట బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఒక ఆఫీసులో టెక్నికల్ రైటర్‌గా చేరాను. మొదటి వారమే షేర్డ్ డ్రైవ్ లింకు ఒకటి పంపి, "డాక్యుమెంటేషన్ అంతా ఇందులోనే ఉంది, చూసుకోండి" అన్నారు. తెరిస్తే ఒక్క ఇన్‌స్టలేషన్ గురించే ఏడు ఫైళ్లున్నాయి. "ఇన్‌స్టాల్ గైడ్", "ఇన్‌స్టాల్ గైడ్ కొత్తది", "ఇన్‌స్టాల్ గైడ్ ఫైనల్", "ఇన్‌స్టాల్ గైడ్ ఫైనల్ 2", "ఫైనల్ మేనేజర్ కరెక్షన్స్‌తో", "కాపీ ఆఫ్ ఇన్‌స్టాల్ గైడ్", చివరగా "12-03 పంపినది" అని ఒక పీడీఎఫ్. వాటిని రాసినావిడ మానేసి అప్పటికే ఆరు నెలలు. కస్టమర్ల చేతిలో ఉన్నది వీటిలో ఏదో చెప్పగలిగిన మనిషి ఆ అంతస్తులో ఒక్కరూ లేరు.

రెండేసి ఫైళ్లు పక్కపక్కన పెట్టుకుని మూడు రోజులు పోల్చి చూశాను. కస్టమర్లు చదువుతున్నది "కాపీ ఆఫ్" నుంచి తీసిన పీడీఎఫ్ అని తేలింది. ఎవరో అర్జంటుగా ఒక పోర్టు నంబరు దిద్ది, ఆ కాపీనే పంపేశారు. ఆ దిద్దుబాటు "ఫైనల్ 2"లోకి ఎక్కనే లేదు. పేరు చూసి "ఫైనల్ 2"నే అసలుదనుకుని దానిమీద కొత్త రిలీజ్ రాసుంటే, దిద్దిన తప్పు మళ్లీ కస్టమర్ ముందుకు వెళ్లేది.

ఆ మూడు రోజుల తరవాత ఫైళ్ల పేర్లను నేను చిన్న విషయంగా చూడలేదు. చేతికొచ్చిన ప్రతి ప్రాజెక్టులో మొదట ఈ పనే పెట్టుకుంటాను. నేను పాటించే వరసలోనే ఇక్కడ చెబుతున్నాను. ఒక్క మాట ముందే గుర్తుంచుకోండి: చదవడానికి వీలుగా ఉదాహరణల్లో ఫైలు పేర్లన్నీ తెలుగు లిపిలో రాశాను. మీ ఫోల్డర్లో మాత్రం అవి ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఉండాలి. కారణం కింద వస్తుంది.

పేరులో మారనిదే ఉండాలి

మెజెస్టిక్‌లో రైలు దిగే మనందరికీ తెలిసిన స్టేషనే, బెంగళూరు సిటీ. దాని పేరు క్రాంతివీర సంగొళ్లి రాయన్న స్టేషన్‌గా మారింది, బోర్డులూ మారాయి. కానీ టికెట్ బుక్ చేసేటప్పుడు కొట్టే కోడ్ ఇప్పటికీ ఎస్‌బీసీయే. ఊరి పేరు 2014 నవంబరు 1న బ్యాంగళూర్ నుంచి బెంగళూరు అయింది, ఎయిర్‌పోర్టు కోడ్ బీఎల్ఆర్ అలాగే ఉంది. మద్రాసు 1996లో చెన్నై అయింది, అక్కడి సెంట్రల్ స్టేషన్ కోడ్ నేటికీ ఎంఏఎస్. మనుషులు చదివే బోర్డు వేరు, వ్యవస్థ పట్టుకునే కోడ్ వేరు. బోర్డు ఎన్నిసార్లు మార్చినా కోడ్‌ను కదపలేదు కాబట్టే రిజర్వేషన్లు తారుమారు కాలేదు.

డాక్యుమెంటేషన్‌లో బోర్డు అంటే పేజీ పైన కనిపించే శీర్షిక. కోడ్ అంటే ఫైలు పేరు. శీర్షికను మార్కెటింగ్ వాళ్లు కోరినట్టు ఏడాదికి నాలుగుసార్లు మార్చుకోండి. ఫైలు పేరు మీద వందల లింకులు ఆధారపడి ఉంటాయి. అందుకని పేరు పెట్టబోయే ముందు "రెండేళ్ల తరవాత ఈ మాట నిజమేనా?" అని అడగండి. "కొత్తది" రెండేళ్లకు పాతదవుతుంది. "ఫైనల్" మర్నాటికే ఫైనల్ కాకుండా పోతుంది. రాసినవాళ్లు వేరే కంపెనీకి వెళ్తారు, టీమ్ పేరు కంపెనీ మార్పుచేర్పుల్లో (రీఆర్గ్) మారుతుంది, మెనూలో బటన్ పేరు తరవాతి రిలీజ్‌లో మారుతుంది. మిగిలేది విషయం ఒక్కటే: విండోస్‌లో ఇన్‌స్టాల్ చేయడం, పాస్‌వర్డ్ మార్చడం, బ్యాకప్ తీయడం. పేరులో పెట్టాల్సింది దాన్నే. ఎవరు, ఎప్పుడు, ఎన్నోసారి మార్చారన్నది, ఫైళ్లలో ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే గిట్ చూసుకుంటుంది. డ్రాఫ్టా, రివ్యూలో ఉందా అన్నది పుల్ రిక్వెస్ట్ (నా మార్పు చూసి కలపండి అని పంపే అభ్యర్థన) చూసుకుంటుంది.

మొదటి పని: ఏమున్నాయో రాసుకోవడం

వెంటనే ఫోల్డర్లు కట్టేసి ఫైళ్లు అటూ ఇటూ జరపకండి. ముందు జాబితా కావాలి. ప్రాజెక్టు గిట్‌లో ఉంటే "గిట్ ఎల్ఎస్-ఫైల్స్" కమాండ్ మొత్తం పేర్లను ఒక్కసారిగా ఇస్తుంది. షేర్డ్ డ్రైవ్ అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో "డీఐఆర్" కమాండ్‌ను సబ్‌ఫోల్డర్లతో సహా నడిపి, వచ్చిందాన్ని ఎక్సెల్ షీట్‌లో పోయండి.

షీట్‌లో ప్రతి ఫైలు పక్కన మూడు గడులు చాలు. ఇది ఇప్పుడు కస్టమర్‌కు కనిపిస్తోందా? దీన్ని సరిచూడగలిగిన ఇంజినీరు ఎవరు? దీనికి జంట ఫైలు ఇంకెక్కడైనా ఉందా? మొదటి గడి కోసం సపోర్ట్ టీమ్ దగ్గరకు వెళ్లండి. కస్టమర్లకు రోజూ లింకులు పంపేది వాళ్లే. ఏ పేజీ బతికుందో, ఏది పేరుకే ఉందో రైటర్లకన్నా వాళ్లకే బాగా తెలుసు. కాఫీ మెషిన్ దగ్గర వాళ్లతో గడిపిన అరగంటలో నాకు తేలినన్ని విషయాలు ఏ రిపోర్టులోనూ దొరకలేదు.

చచ్చిన ఫైళ్లని ఏం చేయాలి? గిట్‌లో ఉంటే నిర్భయంగా తీసేయండి, చరిత్రలోంచి ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు. డ్రైవ్‌లో ఉంటే "పాతవి" అని ఒకే ఫోల్డర్ చేసి అందులోకి జరపండి. ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక్కో "పాతవి" పెట్టుకుంటే పాతది కొత్తది మళ్లీ కలిసిపోతాయి.

ఫోల్డర్లను దేన్ని బట్టి కట్టాలి?

అసలు కష్టం ఇక్కడే, తొందరపడకండి. చాలా ఆఫీసుల్లో ఫోల్డర్లు కంపెనీ ఆకారంలో ఉంటాయి: బ్యాకెండ్ టీమ్ ఫోల్డర్, మొబైల్ టీమ్ ఫోల్డర్, పేమెంట్స్ టీమ్ ఫోల్డర్. రాసేవాళ్లకు సుఖం, ఎవరిది వాళ్లకు. చదివేవాడికి మన టీమ్‌లతో పనేముంది? రీఫండ్ ఎలా ఇవ్వాలో తెలుసుకోవాలనుకున్న మనిషికి అది పేమెంట్స్ వాళ్లదా, ఆర్డర్స్ వాళ్లదా అన్నది అక్కర్లేదు. పైగా టీమ్‌లు విడిపోతాయి, కలిసిపోతాయి. మనం ఆ ఫోల్డర్లను వెంటేసుకుని తిరగాలి.

రిలీజ్ నంబరును బట్టి కట్టడం ఇంకో అలవాటు. "వెర్షన్ 3", "వెర్షన్ 4" అని ఫోల్డర్లు, ఒక్కో దాంట్లో మొత్తం గైడ్ కాపీ. ఒక వాక్యం తప్పని తెలిస్తే నాలుగు చోట్ల దిద్దాలి, మూడు చోట్లే గుర్తుంటుంది. గిట్ వాడుతుంటే ఒక్కో రిలీజ్‌కి ఒక్కో బ్రాంచ్ (విడిగా నడిచే శాఖ) ఉంచుకుని, ఫోల్డర్లలో వెర్షన్ నంబరు లేకుండా చూసుకోండి. కొన్ని టూల్స్ పాత వెర్షన్లను తామే విడి ఫోల్డర్లలో కాపీ చేసి పెడతాయి. వాటిని టూల్‌కే వదిలేయండి, మీరు చేత్తో కాపీలు చేయవద్దు.

నాకు నిలిచిన పద్ధతి, పాఠకుడు ఏ అవసరంతో వస్తాడో దాన్ని బట్టి విడగొట్టడం. డానియెలే ప్రోచీదా రూపొందించిన డయాటాక్సిస్ అనే పద్ధతిలో డాక్యుమెంటేషన్ నాలుగు రకాలు: చేయి పట్టుకుని నేర్పే ట్యుటోరియల్స్, ఒక పని ఎలా చేయాలో చెప్పే హౌ-టూ గైడ్లు, వెతుక్కుని చూసుకునే రెఫరెన్స్, ఎందుకు అలా ఉందో చెప్పే వివరణ. దీనికన్నా ముందే, 2005లో ఓయాసిస్ అనే సంస్థ ప్రమాణంగా వచ్చిన డీటా (డీఐటీఏ) అనే రాత పద్ధతి కూడా కాన్సెప్ట్, టాస్క్, రెఫరెన్స్ అని టాపిక్‌లను విడగొట్టింది. దారులు వేరైనా చెప్పేది ఒకటే: రాత్రి పదింటికి సర్వర్ పడిపోయి పరుగెత్తుకొచ్చినవాడికి, ఆదివారం తీరిగ్గా నేర్చుకుందామని కూర్చున్నవాడికి ఒకే పేజీ పనికిరాదు.

కానీ నాలుగు రకాలనూ పుస్తకంలో ఉన్నట్టే దింపకండి. చిన్న ప్రాజెక్టులో "వివరణ" ఫోల్డర్‌లో ఒక్క ఫైలే ఉంటుంది. ఒకే ఫైలున్న ఫోల్డర్ దారిలో అనవసరమైన తలుపు లాంటిది. నేను మొన్న సర్దిన ప్రాజెక్టులో పై వరసలో అయిదే ఫోల్డర్లు పెట్టాను: "స్టార్ట్", "గైడ్స్", "రెఫరెన్స్", "రిలీజ్-నోట్స్", "ఇమేజెస్". "గైడ్స్" ఒక్కటే ముప్పై ఫైళ్లు దాటింది కాబట్టి దాన్ని "అడ్మిన్", "యూజర్" అని రెండు చేశాను. మిగతావి ముట్టుకోలేదు. అన్నిటినీ ఒకే లోతులో ఉంచాలన్న నియమమేమీ లేదు.

లోతు మూడు మెట్లు దాటకుండా చూసుకోండి. దీనికి విండోస్ సంబంధమైన గట్టి కారణం కూడా ఉంది. విండోస్‌లో డ్రైవ్ అక్షరంతో మొదలై ఫైలు పేరు దాకా మొత్తం దారి మామూలుగా 260 క్యారెక్టర్లలో ఇమడాలి. విండోస్ 10లో 2016 నాటి 1607 వెర్షన్ నుంచి ఈ హద్దు ఎత్తేసే సెట్టింగ్ ఉంది. అది ఆన్ చేసి ఉండాలి, వాడే ప్రోగ్రామ్ కూడా ఒప్పుకోవాలి. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ఆ రెండూ ఉంటాయని నమ్ముకోలేం. మరొకటి, గిట్ ఖాళీ ఫోల్డర్లను భద్రపరచదు. "తరవాత నింపుదాం" అని కట్టిన ఫోల్డర్ మీ ల్యాప్‌టాప్‌లోనే మిగులుతుంది, పక్కవాళ్లకు చేరదు. ఫైలు పుట్టినప్పుడే ఫోల్డర్ పుట్టించండి.

పేరు: ఏ అక్షరాలు, ఏ మాటలు

నియమం చిన్నది. చిన్న బడి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మాటల మధ్య హైఫన్, చివర ఎక్స్‌టెన్షన్ (చుక్క తరవాత ఫైలు రకం చెప్పే మాట). ఖాళీలు, క్యాపిటల్స్, అండర్‌స్కోర్లు, బ్రాకెట్లు వద్దు. ఇది మడి కట్టుకోవడంలా అనిపించవచ్చు. ఒక్కో నిషేధం వెనక ఒక్కో రాత్రి ఉంది.

క్యాపిటల్స్ గురించి. హిందూపురం నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు మా టీమ్‌లో ఉండేవాడు. రిలీజ్ రోజు రాత్రి తొమ్మిదిన్నరకి సైట్‌లో అతని పేజీ తెరిస్తే బొమ్మ ఉండాల్సిన చోట విరిగిన గుర్తు కనిపిస్తోంది.

"అక్కా, నా సిస్టమ్‌లో బాగానే కనపడతాంది కదా" అన్నాడు, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి.

నిజమే, అతని ల్యాప్‌టాప్‌లో బొమ్మ నిక్షేపంలా ఉంది. ఫోల్డర్‌లోని ఫైలు పేరు మొదటి అక్షరం క్యాపిటల్, ఎక్స్‌టెన్షన్ పీఎన్‌జీ మొత్తం క్యాపిటల్స్. పేజీలో లింకు మాత్రం అన్నీ చిన్న అక్షరాలు. విండోస్‌కి ఆ రెండూ ఒకటే. మామూలు సెట్టింగ్‌తో వచ్చే మ్యాక్‌కి కూడా ఒకటే. సైట్ నడిచే లినక్స్ సర్వర్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు ఫైళ్లు, అందులో ఒకటి లేదు.

"ఫైలు పేరు మార్చి మళ్లీ పుష్ చెయ్ రా" అన్నాను. మార్చాడు. గిట్ మార్పేమీ లేదంది. విండోస్‌లో గిట్ అక్షరాల పెద్దాచిన్నా తేడాను పట్టించుకోని సెట్టింగ్‌తో ఉంటుంది. క్యాపిటల్ ఒక్కటే మారిస్తే దానికి మార్పుగా కనపడకపోవచ్చు. చివరికి ఫైలుకి ముందు వేరే పేరేదో పెట్టి ఒక కమిట్ (గిట్‌లో మార్పును నమోదు చేయడం), అక్కణ్నుంచి కావలసిన పేరుకు మార్చి ఇంకో కమిట్ చేస్తే గానీ సర్వర్‌లో బొమ్మ రాలేదు. అప్పటికి పదకొండు దాటింది, కింద క్యాబ్‌లు కూడా వెళ్లిపోయాయి. అంతా చిన్న అక్షరాలే అన్న నియమం ఉంటే ఈ సమస్యే పుట్టదు.

ఖాళీల సంగతి మీరు చూసే ఉంటారు. వెబ్ అడ్రసులో ఒక్కో ఖాళీ శాతం గుర్తు, 20 అయి కూర్చుంటుంది. కొన్ని చాట్ యాప్‌లలో లింకు అక్కడే తెగిపోతుంది. అండర్‌స్కోర్ ఉన్న అడ్రసు కింద లింకు గీత పడితే అది ఖాళీయో అండర్‌స్కోరో కంటికి తెలియదు. వెబ్ అడ్రసుల్లో మాటల మధ్య హైఫనే వాడమని గూగుల్ కూడా చెబుతుంది.

మరి తెలుగులో పేరు పెట్టుకోకూడదా అని నన్ను చాలామంది అడిగారు. నాకూ తెలుగు మీద ప్రేమ ఉంది కాబట్టే లెక్క వేసి చూశాను. "మార్గదర్శి" మన కంటికి నాలుగు అక్షరాలు. అక్షరాలకు కంప్యూటర్లు వాడే నంబర్ల పట్టిక అయిన యూనికోడ్‌లో అది 10 కోడ్‌లు. వత్తులు, గుణింతాలు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్క. ఆ కోడ్‌లను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కి 3 బైట్లు, కాబట్టి 30 బైట్లు. వెబ్ అడ్రసుగా కాపీ చేస్తే ఒక్కో బైటు మూడు క్యారెక్టర్లవుతుంది: మొత్తం 90. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఫైల్ సిస్టమ్‌లో ఒక పేరుకు 255 బైట్లే హద్దు, అంటే 85 తెలుగు కోడ్‌లు. ఇంతకన్నా ప్రమాదం ఇంకొకటుంది. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో వత్తు కింద పడకుండా కీబోర్డు ఒక కనపడని గుర్తు పెడుతుంది. అది మాట చివర పొల్లు తరవాత మిగిలిపోతే రెండు పేర్లు కంటికి అచ్చంగా ఒకేలా ఉంటాయి, కంప్యూటర్‌కు వేరు. లింకు ఎందుకు పని చేయడం లేదో గంటసేపు చూసినా అంతుపట్టదు. కాబట్టి శీర్షిక, పాఠం హాయిగా తెలుగులో రాయండి. ఫైలు పేరు ఒక్కటీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచండి.

మాటల ఎంపికకు వద్దాం. మూడు నుంచి అయిదు మాటలు చాలు. పని చెప్పే పేజీ అయితే పనితో మొదలుపెట్టండి: "ఇన్‌స్టాల్-ఆన్-విండోస్", "రీసెట్-అడ్మిన్-పాస్‌వర్డ్". రెఫరెన్స్ అయితే వస్తువు పేరు: "ఎర్రర్-కోడ్స్", "కాన్ఫిగ్-ఫైల్". "గైడ్", "డాక్యుమెంట్", "మాన్యువల్" లాంటి మాటలు తీసేయండి. ఫోల్డర్ నిండా ఉన్నవి గైడ్లే అయినప్పుడు ప్రతి పేరులోనూ ఆ మాట ఎందుకు? పొట్టి మాటలు సొంతంగా కల్పించకండి. "కాన్ఫిగ్" అందరికీ తెలుసు. "ఇన్‌స్ట్-డబ్ల్యూ-2" రాసినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఒక పనికి ఒకే మాట వాడండి. ఒక చోట "డిలీట్", ఇంకో చోట "రిమూవ్" అని ఉంటే వెతికేవాడికి సగమే దొరుకుతుంది.

పొట్టి పేర్లలో ఒక గోతి ఉంది. విండోస్ కొన్ని పేర్లను తనకోసం అట్టేపెట్టుకుంది: సీఓఎన్, పీఆర్ఎన్, ఏయూఎక్స్, ఎన్‌యూఎల్, ఇంకా అంకెలతో వచ్చే సీఓఎం, ఎల్పీటీ. కాన్సెప్ట్స్‌ని కుదించి "కాన్" అనో, ఆగ్జిలరీని కుదించి "ఆక్స్" అనో లినక్స్ వాడే సహోద్యోగి ఫోల్డర్ పెడితే, విండోస్ వాడేవాళ్లు ఆ ప్రాజెక్టును దించుకోవడమే కష్టమవుతుంది. అలాగే కొత్తవాళ్లు గమనించాల్సిన విషయం: విండోస్ ఎక్స్‌టెన్షన్లను దాచిపెడుతుంది. నోట్‌ప్యాడ్‌లో "ఇన్‌స్టాల్.ఎండీ" అని సేవ్ చేశామనుకుంటాం, లోపల అది "ఇన్‌స్టాల్.ఎండీ.టీఎక్స్‌టీ" అయి ఉండవచ్చు. ఎక్స్‌ప్లోరర్‌లో ఎక్స్‌టెన్షన్లు చూపించే సెట్టింగ్‌ను మొదటి రోజే ఆన్ చేసుకోండి.

తేదీలు, అంకెలు

మా డ్రైవ్‌లోని "12-03 పంపినది" గుర్తుందా? అది మార్చి 12 అనుకున్నాం. పంపినవాళ్లు అమెరికా ఆఫీసు వాళ్లు, అది డిసెంబరు 3. తేదీ తప్పనిసరైన చోట, అంటే మీటింగ్ నోట్స్, రిలీజ్ నోట్స్ లాంటి వాటిలో, ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం సంవత్సరం, నెల, రోజు వరసలో రాయండి: 2025-03-12. ఇందులో తికమక ఉండదు, పేరును బట్టి వరస పెడితే కాలక్రమమూ దానంతటదే వస్తుంది.

వరస అంకెలు వేస్తే ముందు సున్నా తప్పదు. 1, 2, 10 అని వేస్తే చాలా టూల్స్ 1, 10, 2 అని వరస పెడతాయి. విండోస్ ఎక్స్‌ప్లోరర్ మాత్రం తెలివిగా సరైన వరసే చూపిస్తుంది కాబట్టి రాసేటప్పుడు మనకు తెలియదు, సర్వర్ మీదకు వెళ్లాకే బయటపడుతుంది. రిలీజ్ 2.9 తరవాత 2.10 వచ్చినప్పుడు కూడా ఇదే తంటా.

నా అభిప్రాయం అడిగితే, పేజీల వరస కోసం ఫైలు పేర్లలో అంకెలే వద్దు. మూడో పేజీ ముందు కొత్త పేజీ చేర్చాలంటే తరవాతివన్నీ పేరు మార్చాలి, లింకులన్నీ విరుగుతాయి. వరస చెప్పడానికి, డాక్యుమెంటేషన్ సైట్ తయారుచేసే టూల్స్‌లో వేరే చోటుంది. ఎంకేడాక్స్‌లో సెట్టింగ్స్ ఫైల్లోని నావ్ భాగం, స్ఫింక్స్‌లో టాక్‌ట్రీ అందుకోసమే. డాక్యుసారస్ అయితే పేరు ముందున్న అంకెను పేజీ అడ్రసులోంచి తనే తీసేస్తుంది, అక్కడ అంకెలు వేసినా నష్టం తక్కువ.

బొమ్మలు

డాక్యుమెంటేషన్‌లో అన్నిటికన్నా ముందు చెడేది బొమ్మల ఫోల్డరే. "స్క్రీన్‌షాట్ (41)", "ఇమేజ్ 7", "అన్‌టైటిల్డ్". స్క్రీన్‌షాట్ తీసిన నిమిషంలోనే పేరు మార్చండి, సాయంత్రం మారుద్దామంటే ఏది ఏమిటో మీకే గుర్తుండదు. నేను పెట్టే పేరులో ముందు అది ఏ పేజీకి చెందిందో, తరవాత ఏ స్క్రీనో ఉంటుంది: "రీసెట్-అడ్మిన్-పాస్‌వర్డ్-లాగిన్-స్క్రీన్". పేజీ తీసేసినప్పుడు దాని బొమ్మలు ఏవో ఒక్క చూపులో తెలిసిపోతాయి. రెండు మూడు పేజీల్లో వాడే బొమ్మలుంటే వాటిని మాత్రం "షేర్డ్" అనే ఫోల్డర్‌లో విడిగా ఉంచండి.

"ఎర్ర బాణం ఉన్నది", "కుడి పక్క బటన్" లాంటి వర్ణనలు పేరులో పెట్టకండి, కొత్త స్క్రీన్‌లో బటన్ ఎడమకు వెళ్లిపోవచ్చు. డయాగ్రమ్ గీస్తే పీఎన్‌జీతో పాటు దాన్ని గీసిన అసలు ఫైలు కూడా అదే పేరుతో పక్కనే దాచండి. ఒక్క బాణం మార్చడానికి మొత్తం బొమ్మ మళ్లీ గీసిన టీమ్‌లను చూశాను.

అనువాదాలున్నప్పుడు

ఇంగ్లీషు పక్కన తెలుగు, కన్నడ, తమిళం పేజీలు రాయాల్సి వస్తే ఫైలు పేర్లు మార్చకండి. భాషకొక ఫోల్డర్, లోపల అవే పేర్లు. అప్పుడు ఏ భాషలో ఏ పేజీ లేదో రెండు జాబితాలు పక్కన పెడితే తెలిసిపోతుంది.

ఫోల్డర్‌కి భాష పేరు సొంతంగా కల్పించవద్దు, ఐఎస్ఓ 639 కోడ్‌లు వాడండి. తెలుగు టీఈ, తమిళం టీఏ, హిందీ హెచ్ఐ. బెంగళూరులో ఒక పొరపాటు తరచుగా చూస్తాను. రోడ్డు మీద దాదాపు ప్రతి బండి నంబరూ కేఏతో మొదలవుతుంది కాబట్టి కన్నడ ఫోల్డర్‌కి చేయి తనంతట తనే కేఏ అని కొడుతుంది. కేఏ కర్ణాటక బండ్ల కోడ్. భాషల్లో కేఏ అంటే జార్జియన్, కన్నడ కోడ్ కేఎన్. బ్రౌజర్లు, అనువాద టూల్స్ ఈ కోడ్‌ను నమ్ముకునే పని చేస్తాయి.

పాత పేర్లను మార్చడం

ఇప్పటికే బతికున్న ప్రాజెక్టులో పేర్లు మార్చేటప్పుడు నాలుగు జాగ్రత్తలు. ఇవి పాటించకపోతే పైన చెప్పినవన్నీ చేయకపోవడమే మేలు.

పేరు మార్పు, పాఠం మార్పు ఒకే కమిట్‌లో కలపకండి. ఫైలు పేరు మారిందని గిట్ ఎక్కడా రాసుకోదు. పాత ఫైలు, కొత్త ఫైలు ఎంత పోలి ఉన్నాయో చూసి ఊహిస్తుంది. మామూలు సెట్టింగ్‌లో 50 శాతం పోలిక ఉండాలి. పేరు మార్చి, అదే ఊపులో సగం పైగా తిరగరాస్తే, ఒకటి పోయి ఇంకొకటి పుట్టిందనుకుంటుంది, ఆ పేజీ చరిత్ర తెగిపోతుంది. ముందు పేరు మార్చి కమిట్ చేయండి, తిరగరాయడం మర్నాడు పెట్టుకోండి. పాత చరిత్ర చూడాలంటే "గిట్ లాగ్"కి "ఫాలో" అనే ఆప్షన్ జోడించాలి.

తరవాత, ప్రాజెక్టు అంతటా పాత పేరు కోసం వెతికి లోపలి లింకులు మార్చండి. సాఫ్ట్‌వేర్ కోడ్‌లో కూడా వెతకండి. హెల్ప్ బటన్ వెనక, ఎర్రర్ మెసేజ్‌లో ఆ అడ్రసు ఉండవచ్చు. డెవలపర్లు మీకు చెప్పరు, వాళ్లకు గుర్తుండదు.

మూడోది రీడైరెక్ట్. పాత అడ్రసుకు వచ్చినవాళ్లను కొత్త అడ్రసుకు పంపే 301 రీడైరెక్ట్ పెట్టకుండా పేరు మార్చకండి. కస్టమర్ల మెయిళ్లలో, బుక్‌మార్కుల్లో, ఎవరో గోడకు అంటించుకున్న ప్రింటులో పాత అడ్రసు బతికే ఉంటుంది. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ పేజీ అడ్రసులు మారకూడదని 1998లోనే గట్టిగా వాదించారు. స్థితి, రాసినవారి పేరు లాంటివి అడ్రసులో పెట్టవద్దని అప్పుడే చెప్పారు.

నాలుగోది, రిలీజ్ వారంలో ఈ పని ముట్టుకోవద్దు. రిలీజ్ అయిన మర్నాడు మొదలుపెట్టండి, టీమ్‌లో మిగతావాళ్ల పుల్ రిక్వెస్ట్‌లన్నీ మెర్జ్ అయ్యాక (అసలు కాపీలో కలిశాక). లేకపోతే ప్రతివారికీ కాన్‌ఫ్లిక్ట్‌లు (ఇద్దరి మార్పులు ఢీకొనడం) వస్తాయి, వాటిని తెంపుకునే హడావుడిలో పాత పేర్లు మళ్లీ పుట్టుకొస్తాయి.

నియమాన్ని నిలబెట్టడం

ఈ నియమాలన్నీ ఒక్క పేజీలో రాసి, పై ఫోల్డర్‌లోని రీడ్‌మీ ఫైల్లో పెట్టండి. గిట్ ప్రాజెక్టులు ఉంచుకునే గిట్‌హబ్ సైట్‌లో ఫోల్డర్ తెరవగానే రీడ్‌మీ కింద కనిపిస్తుంది, విడిగా వెతుక్కోనక్కర్లేదు. ప్రతి నియమం పక్కన సరైన పేరు ఒకటి, తప్పు పేరు ఒకటి రాయండి. ఎందుకో ఒక్క వాక్యం చేర్చండి. కారణం తెలియని నియమాన్ని కొత్తవాళ్లు మూడో వారానికి వదిలేస్తారు.

క్యాపిటల్స్, ఖాళీలు పట్టుకునే పని మనుషుల మీద పెట్టకండి. పుల్ రిక్వెస్ట్ రాగానే పేర్లు చూసి, నియమం తప్పితే ఆపేసే పది పదిహేను లైన్ల స్క్రిప్టు రాయమని ఏ డెవలపర్‌ని అడిగినా రాసిస్తారు. విరిగిన లింకులు వెతికే టూల్ కూడా అక్కడే తగిలించండి. మా హిందూపురం కుర్రాడే ఆ స్క్రిప్టు రాశాడు, రిలీజ్ రాత్రి జరిగిన మర్నాడే. తప్పు పేరు పట్టుకున్నప్పుడు ఏ పేరు పెట్టాలో కూడా అది సూచిస్తుంది. తిట్టడం వల్ల కాక దారి చూపడం వల్లే టీమ్ దాన్ని ఇష్టంగా వాడింది.

సర్దడం అయ్యాక నేను ఒక పరీక్ష పెడతాను. సపోర్ట్ టీమ్ నుంచి ఈ ఫోల్డర్లు ఎప్పుడూ చూడనివారిని ఒకరిని పిలిచి, నిజంగా కస్టమర్లు అడిగిన మూడు ప్రశ్నలు ఇస్తాను. సెర్చ్ వాడకుండా, ఫోల్డర్లు తెరుచుకుంటూ జవాబున్న ఫైలు దగ్గరకు వెళ్లమంటాను. పక్కన కూర్చుంటాను, నోరు విప్పను. మొదట ఏ ఫోల్డర్ తెరిచారో రాసుకుంటాను. క్రితంసారి సర్టిఫికెట్ మార్చడం ఎలాగన్న ప్రశ్నకు ఆయన నేరుగా "అడ్మిన్"లోకి వెళ్లారు. నేను ఆ పేజీని "రెఫరెన్స్"లో పెట్టాను. ఆయన్ని ఇంకా మూడు నిమిషాలు వెతకనిచ్చి, వెళ్లాక ఆ ఫైలును "అడ్మిన్"లోకి జరిపి, రీడైరెక్ట్ పెట్టి, అప్పుడు లంచ్‌కి లేచాను.